అంగుళమన్న కుడికాలు

"బ్రేకు పోయిందట" అనే మాట మా సందు ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఆ ఉదయం పావుగంట కూడా పట్టలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర అదే మాట, కుళాయి దగ్గర అదే మాట. నేను మాత్రం నోరు మెదపలేదు. నేను నోరు మెదపకపోవడమే వింత గనక, ఎవరైనా కాస్త నా మొహం చూసి ఉంటే నిజం ఆ రోజే బయటపడేది. బ్రేకు పోలేదు. పాడైంది దాన్ని తొక్కే కాలు. ఆ సంగతి ఆ మనిషి తర్వాత నాకొక్కదానికే తెలుసు.

ఆ మనిషిని మేమంతా అంగుళమన్న అంటాం. మా సందు చివర మూసేసి ఉంటుంది. అందులో ఒక వంపు. వంపులో ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క మా ప్రహరీ గోడ. ఆ రెంటి మధ్య నుంచి పికప్ బండిని అటు అంగుళం, ఇటు అంగుళం వదిలి వెనక్కి తీసుకుపోగలిగినవాడు అతనొక్కడే. పదకొండేళ్లలో మా గోడ సున్నం గోటిగీత అంతైనా రాలలేదు. పిల్లలు అంగుళం మావయ్య అంటారు. అతని అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

యాభై ఆరేళ్లుంటాయి. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, గుండీలు పైదాకా పెట్టుకునే ఖాకీ చొక్కా. పద్దెనిమిదేళ్లకు లారీ క్లీనరుగా ఎక్కి, ఇరవై ఏళ్లకుపైగా ఇతరుల బండ్లు తోలి, చివరికి ఈ పికప్ కొనుక్కున్నాడు. బీరువాలు, సిమెంటు బస్తాలు, ఇల్లు మారేవాళ్ల పరుపులు, ఒకసారి ఒక పియానో. అది ఏమిటో తెలియక నేను బండి వెనకాల సందు మొదలుదాకా నడిచాను.

నాకు ఏదైనా తెలియకపోతే అన్నం సహించదు. అతను బండి చుట్టూ ఏం చేస్తాడో చూడటానికే నేను పొద్దున్నే మెట్టు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచేదాన్ని. చిక్కుళ్లు లేకపోతే బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని. రాళ్లు కూడా లేకపోతే ఊరికే చేట కదిలిస్తూ ఉండేదాన్ని.

సాయంత్రం బండి ఆపగానే ఇంజను కింద ఒక అట్టముక్క పరిచేవాడు. పొద్దున లేవగానే పళ్లపుల్ల కూడా ముట్టకుండా ముందు ఆ అట్ట తీసి వెలుతురులో పెట్టి చూసేవాడు.

"ఏరా, జాతకం చూస్తున్నావా?"

"అంతే అనుకో పెద్దమ్మా. నల్లచుక్క పడితే ఇంజనాయిల్. పచ్చగా పడితే రేడియేటరు. చక్రం దగ్గర నీళ్లలా జిడ్డుగా పడితే బ్రేకాయిల్. అది పడిన రోజు నేను ఇంట్లోనే కూర్చుంటాను."

"మరి ఏమీ పడకపోతే?"

"అప్పుడు టీ తాగుతాను."

తర్వాత ఆయిల్ కడ్డీ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. మొదటిసారి చూసింది లెక్కలోకి రాదట, తుడిచి ముంచిందే నిజమట. టైర్లలో గాలి బండి కదలకముందే చూడాలట, తిరిగొచ్చాక టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తుందట. చక్రాల నట్లు పానాతో ఒక్కొక్కటీ తట్టి చప్పుడు వినేవాడు. బరువంతా వెనక చివర వేస్తే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదని, బీరువాను ఎప్పుడూ డ్రైవరు వీపుకు ఆనించి కట్టేవాడు. కట్టాక తాడు పట్టుకుని బండినే ఊపి చూసేవాడు. నాలుగో తరగతితో బడి మానేసిన నేను ఇప్పుడు ఒక పికప్‌ను విప్పి బిగించగలనంటే అది ఆ చేట పుణ్యమే.

ఇన్ని చెప్పాను, అసలుది చెప్పలేదు. అతను చెప్పులు లేకుండా బండి తోలేవాడు. ఎండైనా వానైనా చెప్పులు విప్పి సీటు వెనక పెట్టి, వట్టి కాలితో పెడలు తొక్కేవాడు.

"చెప్పులేసుకుంటే అరిగిపోతాయా?" అని దెప్పిపొడిచాను ఒకసారి.

"బ్రేకు మెత్తబడేటప్పుడు ముందు చెప్పేది అరికాలికే పెద్దమ్మా. రోజూ వేలెడు లోతు దిగే పెడలు ఒకరోజు ఇంకో గోరంత దిగుతుంది. మధ్యలో తోలు అడ్డం పెడితే ఆ కబురు నాకు అందదు."

మేస్త్రి ఎన్నిసార్లు తిట్టినా ఈ అలవాటు మానలేదు. మేస్త్రి అంటే మెయిన్ రోడ్డు మీద బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్న ఎడమచేతి వాటం మనిషి. అంగుళమన్న బండిని అతను తప్ప ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు.

బండికి ఇంకో కన్ను అతని భార్య. ఎముకలగూడులా ఉంటుంది గానీ మాట మాత్రం గట్టిది. సరుకు మీద కప్పే పరదా మడత పెట్టేది ఆమే, తాడు రెండో కొస పట్టేది ఆమే. పొద్దున బండి వెనక్కి తీసేటప్పుడు "రానీ... రానీ..." అంటూ వెనక నడుచుకుంటూ వచ్చి, వంపులో మా గోడ దగ్గర నిలబడేది. నాలుగువేళ్ల సందు మిగిలేసరికి బండి వెనక తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేది. రెండు దెబ్బలు పడితే బండి ఆగిపోవాలి. ఆగిపోయేది. ఆ తర్వాత ఆమె పక్కకు జరిగేది. ముందు జరిగి తర్వాత కొట్టడం ఏనాడూ లేదు, ఎందుకంటే ఆగుతుందా లేదా అన్న అనుమానమే ఆమెకు ఏనాడూ రాలేదు.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం అంగుళమన్న మంచినీళ్లు అడిగి మా వరండాలోకి వచ్చాడు. చెంబు తీసుకుని తిరిగేసరికి, అప్పుడే తుడిచిన నేల మీద ఎర్రటి మడమ గుర్తులు.

"ఏం తొక్కొచ్చావురా? నేల తుడిచి పది నిమిషాలు కాలేదు!"

వంగి చూసుకున్నాడు. "గ్రీజు అయ్యుంటుంది."

"గ్రీజు ఎర్రగా ఉంటుందట్రా? కాలెత్తు."

ఎత్తనన్నాడు. నేను వదిలే రకం కాదు. కుర్చీలో కూలేసి కాలు నా ఒళ్లోకి లాక్కున్నాను. కుడి మడమలో ఒక స్క్రూ. తల వరకు దిగిపోయి ఉంది. చుట్టూ పాత నెత్తురు ఆరి నల్లబడింది, దాని మీంచి కొత్తది ఊరుతోంది. అంటే పొద్దుటి నుంచీ ఉన్నట్టే.

"ఎప్పుడు దిగింది?"

"తెలీదు."

"నొప్పి లేదూ?"

"లేదు."

పట్టకారుతో లాగాను. నా ఒళ్లు జలదరించింది గానీ అతని కాలు ఉలకలేదు. అతను కాలు వంక చూడనే లేదు, నా మొహం వంకే చూస్తున్నాడు. అప్పుడర్థమైంది నాకు.

అడగ్గా అడగ్గా చెప్పాడు. షుగరు వచ్చి చాలాకాలమే అయింది. ముందు వేళ్లలో చీమలు పాకినట్టు ఉండేదట. తర్వాత దూది చుట్టినట్టు అయిందట. రెండు నెలలుగా కుడిపాదం చీలమండ దాకా అసలు లేనట్టే ఉందట.

"డాక్టరు ఏమన్నాడు?"

"చెప్పుల్లేకుండా తిరగొద్దన్నాడు. రోజూ అరికాలు చూసుకోమన్నాడు."

"బండి సంగతి?"

"ఏం పని చేస్తావని అడిగితే సామాన్ల వ్యాపారమని చెప్పాను."

చెంబులో నీళ్లు అలాగే ఉండిపోయాయి. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా. మా ఆవిడకి అసలు చెప్పొద్దు. తెలిస్తే ఆ రోజే తాళంచెవి లాక్కుంటుంది. బండి దిగితే నేనేం మిగులుతాను? పక్కింటి కుర్చీలో కూర్చుని మీ చిక్కుళ్లు ఒలుస్తానా?"

"ఒలిస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను గానీ, చెప్పనని మాటిచ్చాను.

ఎందుకిచ్చానో దాపరికం లేకుండా చెప్పాలి. ఈ సందులో ఎవరింట్లో ఏం జరిగినా కూపీ లాగేది నేనే, నలుగురికీ పంచేదీ నేనే. "ఆ పెద్దమ్మ ముందు అనకండి" అని నా వెనక అనుకుంటారని నాకు తెలుసు. అలాంటి నన్ను నమ్మి ఒక మనిషి చేతులు పట్టుకున్నాడు. ఆ నమ్మకానికి ఉబ్బిపోయాను. జన్మలో ఒక్క రహస్యం దాచాను, దాచకూడని దాన్నే దాచాను.

వారం తర్వాత బండి తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూశాను. మూడు పెడళ్లలో మధ్యదానికి ఎర్ర ప్లాస్టరు చుట్టి ఉంది, కరెంటు తీగలకు చుట్టేది.

"ఇదేమిట్రా, బ్రేకుకి బొట్టు పెట్టావు?"

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కాలికి తెలియకపోతే కంటికి తెలుస్తుంది కదా పెద్దమ్మా. కాలు దేనిమీద ఉందో అర సెకను కిందికి చూస్తే చాలు. ఎర్రది కాలికింద దాక్కుందంటే బ్రేకు మీద ఉన్నట్టు. ఎర్రది కనిపిస్తోందంటే లేనట్టు. నెల నుంచి ఇలాగే తోలుతున్నా. ఏమైనా అయిందా?"

ఎంత తెలివైనవాడో అనుకున్నాను. మెచ్చుకున్నాను కూడా. ఆయిల్ కడ్డీని రెండోసారి ఎందుకు ముంచాలి దగ్గర్నుంచి అడిగినదాన్ని, వెనక్కి తీసేటప్పుడు నీ కళ్లు ఎక్కడుంటాయిరా అని మాత్రం అడగలేదు.

వెనక్కి తీసేటప్పుడు కళ్లు అద్దాల్లో ఉంటాయి. కుడి అద్దంలో గోడ, ఎడమ అద్దంలో స్తంభం. అంగుళాల పని అది. కిందికి చూడటానికి అర సెకను కూడా ఉండదు.

ఆ ఉదయం వాన వెలిసి సందంతా బురదగా ఉంది. నేను మెట్టు మీదే ఉన్నాను. అట్ట చూసుకున్నాడు, మరక లేదు. కడ్డీ చూశాడు, నట్లు తట్టాడు, చక్రం వెనక పెట్టిన చెక్కదిమ్మ తీసి తొట్టిలో పడేశాడు. ఏ పనీ మానలేదు. ఆమె "రానీ... రానీ..." అంటూ వంపులోకి వచ్చి మా గోడ దగ్గర నిలబడింది. అరచెయ్యి ఎత్తి రెండుసార్లు కొట్టింది.

బండి ఆగలేదు. ఒక్కసారిగా ఇంజను అరిచి బండి వెనక్కి ఉరికింది.

ఆమె ఇంకో రెండు దెబ్బలు కొట్టింది. ఆ దెబ్బలకు అతను ఇంకా గట్టిగా తొక్కాడు. అది కళ్లారా చూశాను. బ్రేకు తొక్కుతున్నానే అనుకుంటున్నాడు, ఉన్న బలమంతా పెడుతున్నాడు. నేను ఎగిరి డ్రైవరు తలుపు మీద చేట పెట్టి బాదాను. "కాలు తియ్యరా! కాలు తియ్యి!" కిందికి చూశాడు. ఎర్రది కనిపించింది అతనికి. నాకూ కనిపించింది.

బండికీ గోడకీ మధ్య ఇరుక్కున్న ఆమె, బండి ముందుకు జరిగాక గోడకు ఆనుకునే కిందికి జారింది. ఎడమకాలు మోకాలి దగ్గర ఉండకూడని వైపు తిరిగి ఉంది. కేక కూడా వెయ్యలేదు. "రెండుసార్లు కొట్టాను కదా" అంది అంతే.

జనం వచ్చారు. ఎత్తుకున్నారు, ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎవరో "ఏమైందన్నా?" అని అడిగారు. అతను బండి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని, "బ్రేకు పడలేదు" అన్నాడు. పదకొండేళ్లలో ఆ బండి మీద అతను వేసిన మొదటి నింద అది. నా వంక చూశాడు. నేను చేట వంక చూశాను.

మూడో రోజు మేస్త్రి వచ్చాడు. రావడమే మండిపడుతూ వచ్చాడు, ఎందుకంటే బ్రేకు ప్యాడ్లు మార్చి పది రోజులే అయింది.

"ఏం మావా, నా పని బాగాలేక అక్కయ్య కాలు విరిగిందంట? ఊరంతా అంటోంది. ఈ మాట నిలబడితే రేపు నా షెడ్డుకి సైకిల్ కూడా రాదు."

"నేను నీ పేరు చెప్పలేదు" అన్నాడు అంగుళమన్న.

"పేరు చెప్పాలా? ఈ బండిలో నేను కాక ఇంకెవడు వేలు పెట్టాడు?"

చక్రం కింద దూరి చూశాడు. బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూశాడు, గీత దాకా నిండుగా ఉంది. ఎక్కి పెడలు తొక్కాడు, రాయిలా ఉంది. బండి స్టార్టు చేసి పది గజాలు పోనిచ్చి తొక్కాడు. ఉన్నచోటే ముక్కు వంచి నిలబడింది. వెనక్కి పోనిచ్చి తొక్కాడు. అలాగే నిలబడింది.

"గోడకి గుద్దుకున్నాక బుద్ధొచ్చిందేమో బండికి" అన్నాడు ఇస్త్రీ ఆయన. నలుగురు నవ్వారు.

మేస్త్రి నవ్వలేదు. దిగబోతూ కిందికి చూశాడు. "ఈ ఎర్ర ప్లాస్టరు ఎందుకు మావా?"

"ఊరికే."

మేస్త్రి కాసేపు ప్లాస్టరునీ, అతని కాళ్లనీ మార్చి మార్చి చూశాడు. తాళంచెవి బానెట్ మీద పెట్టాడు. "బండిలో ఏమీ లేదు. ఇంకెక్కడ ఉందో నువ్వే చూసుకో."

మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్లాను. పదహారు మంచాల గది, మందుల వాసన, పైన ఒకటే ఫ్యాను కిర్రుమంటూ. ఆమె కాలు నుంచి ఇనప కడ్డీలు బయటికి వచ్చి ఉన్నాయి. ఇక మోకాలు వంగదని చెప్పేశారట. ఎలా ఉందని అడగకముందే ఆమే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఒకటి చెప్పు. బ్రేకు పోతే బండి ఆగదు, సరే. జోరెందుకు అందుకుంటుంది? నేను కొట్టేకొద్దీ జోరందుకుంది. పడుకుని పడుకుని అదే ఆలోచిస్తున్నా."

మాటిచ్చాను, నిజమే. కానీ మేస్త్రి షెడ్డు ముందు అప్పటికే రెండు రోజులుగా ఒక్క బండీ ఆగడం లేదు. ఈమె ముందు ఇంకా దాచడానికి నాకు మనసు రాలేదు, అలాగని చెప్పడానికి నోరూ రాలేదు. చివరికి స్క్రూ దగ్గర మొదలుపెట్టి ఎర్ర ప్లాస్టరు దాకా అంతా చెప్పేశాను.

ఆమె కళ్లార్పకుండా విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీకు వేసవి నుంచే తెలుసు."

"తెలుసమ్మా."

"రోజూ పొద్దున మెట్టు మీద కూర్చుని చూసేదానివి. నేను వెనక నిలబడటం."

"చూశాను."

"నాకు తెలిస్తే నేను అక్కడ నిలబడేదాన్నా పెద్దమ్మా?"

అప్పుడే అంగుళమన్న ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. మా ఇద్దరి మొహాలూ చూసి మంచానికి రెండు అడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆమె తల తిప్పి అతని పాదాల వంక చూసింది. ఆ రోజు చెప్పులు వేసుకుని ఉన్నాడు.

"పక్కింటావిడకి చెప్పావు" అంది. "నాకు చెప్పలేదు."

"నువ్వు భయపడతావని..."

"భయపడితే పక్కకి జరిగేదాన్ని కదయ్యా."

అతను ఫ్లాస్కు కింద పెట్టి, నేరుగా మేస్త్రి షెడ్డుకు నడిచి వెళ్లాడు. నేను వెనకే పోయాను. ఈసారి కుతూహలంతో కాదు, ఇది ఒక్కడికే వదిలేసే పని కాదని. షెడ్డు ముందు టీ తాగుతున్న ఆరేడుగురు డ్రైవర్ల మధ్య నిలబడి, "ప్యాడ్లు బాగానే ఉన్నాయి. నా కాలే చచ్చింది. బ్రేకనుకుని రేసు పెడలు తొక్కాను. మేస్త్రి తప్పేం లేదు" అన్నాడు. గడగడా అనేశాడు, వాక్యం మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనన్నట్టు. ఒక డ్రైవరు తన గ్లాసు పక్కన పెట్టేసి, ఎందుకో తన కాలి చెప్పు విప్పి బొటనవేలు కదిపి చూసుకున్నాడు.

మేస్త్రి కోపం అంతటితో పోయింది. "అట్టాంటిది నాకు చెప్పాలి కదా మావా, నేనే తోలేవాణ్ణి కదా కొన్నాళ్లు" అన్నాడు. అప్పుడు మాత్రం అంగుళమన్న షెడ్డు గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

బండి నెల తిరగకుండా వేరే పేట వాళ్లకు వెళ్లిపోయింది. ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు, లైసెన్సు మాత్రం అతనే తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చాడు. ఇప్పుడు ఒక గోడౌను గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, లోపలికి వచ్చే బండ్ల నంబర్లు రాసుకుంటాడు. పొద్దున్నే మా సందులోంచి నడిచిపోతున్నప్పుడు వంపు దగ్గర అవతలి పక్కకు మారతాడు. మా గోడకు వెల్ల వేయించాను. అయినా మారతాడు.

ఆమె ఇంటికి వచ్చింది. చంకకర్రల మీద వంటగది దాకా నడుస్తుంది. నాతో మాట్లాడుతుంది గానీ, అడిగినదానికి ఎంత కావాలో అంతే. "తిన్నావా?" అంటే "తిన్నా". "నొప్పి తగ్గిందా?" అంటే "ఉంది". ఇదివరకు నేనొకటి అడిగితే తను పది చెప్పేది. నేనూ ఇప్పుడు తక్కువే అడుగుతున్నాను.

ఒక సాయంత్రం అంగుళమన్న మా మెట్టు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"అరికాలు రోజూ ఎవరైనా చూడాలంటోంది మా ఆవిడ. నాకు వంగితే కనబడదు. తనేమో కింద కూర్చోలేకపోతోంది. నీ దగ్గరికి పొమ్మంది."

"ఇంకేమైనా అందా?"

అడిగి అడిగి రాబట్టాను. "కనిపెట్టడం ఆవిడకి బాగా వచ్చు, ఈసారి దాచొద్దని చెప్పు" అందట.

అప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టేముందు కుర్చీలో కూర్చుంటాడు. నేను పీట వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క వేలూ విడదీసి, మడమ తిప్పి చూస్తాను. చల్లగా, బరువుగా ఉంటుంది ఆ పాదం, ఎవరిదో పడేసి పోయినట్టు. నేను ఎక్కడ ముట్టుకున్నానో అతనికి తెలియదు. "ఏమైనా ఉందా పెద్దమ్మా?" అంటాడు. చాలా రోజులు ఏమీ లేదనే చెప్పాను.

నిన్న చిటికెనవేలు కింద శనగగింజంత పొక్కు కనిపించింది. లోపల నీరు చేరి ఉంది.

"చిన్నదేనా?" అన్నాడు. "చిన్నదైతే దానికి ఇప్పుడే..."

నేను వినిపించుకోలేదు. కాలు ఒళ్లో ఉండగానే మెడ తిప్పి, వాళ్ల కిటికీ వైపు, సందంతా వినబడేలా అరిచాను.

"అమ్మాయ్! చిటికెనవేలు కింద పొక్కు! రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నా!"

లోపల్నుంచి జవాబు రాలేదు. విన్నదో లేదో తెలియలేదు. మళ్లీ అరిచాను.